హాస్టల్ సీటు వెనక మూడు లెక్కలు: గది, అన్నం, గేటు

ప్రవేశాలు మొదలయ్యాయంటే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పిల్లల్ని పైచదువులకు పంపే ప్రతి ఇంట్లోనూ వినపడే ప్రశ్న ఒకటుంది: "హాస్టల్ ఫ్రీయేనా?" ముగ్గురిని అడిగితే మూడు జవాబులు వస్తాయి. ఒకరు ఫ్రీ అంటారు, ఒకరు ఏడాదికి ఇంత అంటారు, ఇంకొకరు నెలనెలా మారుతుందంటారు. విచిత్రమేమిటంటే ముగ్గురూ చెప్పేది నిజమే.

హాస్టల్ అని మనం ఒకే పేరుతో పిలుస్తున్నా అందులో మూడు విడివిడి ఏర్పాట్లున్నాయి. మొదటిది గది: కట్టడం ఎవరిది, అద్దె ఎంత, మంచం ఎవరికి కేటాయిస్తారు అన్న సంగతి. రెండోది అన్నం: సరుకులు ఎవరు కొంటారు, ఖర్చు ఎవరి మీద ఎలా పడుతుంది అన్నది. మూడోది గేటు: రాత్రి ఎన్నింటికి మూస్తారు, పిల్లల మంచిచెడ్డలకు జవాబుదారీ ఎవరు అన్నది. ఈ మూడూ ఒకరి చేతిలోనే ఉండాలని లేదు. చాలా చోట్ల ఉండవు కూడా. అందుకే అక్కడ అన్ని చిక్కులు.

ఏ హాస్టల్‌ను ఏమంటారు

యూనివర్సిటీ హాస్టల్ అంటే విశ్వవిద్యాలయం తన ప్రాంగణంలో కట్టి నడిపేది. ఎచ్చెర్లలోని డాక్టర్ బీఆర్ అంబేద్కర్ విశ్వవిద్యాలయం, విజయనగరం ద్వారపూడిలోని జేఎన్‌టీయూ గురజాడ ఈ కోవలోకి వస్తాయి. పేరుకు చీఫ్ వార్డెన్, వార్డెన్లు ఉంటారు. వాళ్లు పాఠాలు చెప్పే అధ్యాపకులే, హాస్టల్ పని అదనపు బాధ్యత. రోజూ కనపడేది కేర్‌టేకర్, వంటవాళ్లు, వాచ్‌మన్.

సంక్షేమ హాస్టల్ వేరు. సాంఘిక సంక్షేమ, బీసీ సంక్షేమ, గిరిజన సంక్షేమ శాఖలు నడిపే ఈ హాస్టళ్లలో పదో తరగతి దాటినవాళ్ల కోసం ఉన్నవాటిని పోస్ట్ మెట్రిక్ హాస్టళ్లు అంటారు. వాటికి ఏ యూనివర్సిటీతోనూ ముడి ఉండదు. ఊళ్లో ఏ కాలేజీలో చదివే పిల్లవాడైనా అర్హత ఉంటే చేరతాడు. తలకు నెలకు ఇంత అని డైట్ ఛార్జీలను ప్రభుత్వమే నిర్ణయిస్తుంది.

మూడో రకం పూర్తి రెసిడెన్షియల్. ఎచ్చెర్ల మండలంలో ఉన్న ఆర్‌జీయూకేటీ, అందరూ ట్రిపుల్ ఐటీ అనేది, ఈ పద్ధతిదే. శ్రీకాకుళం ట్రిపుల్ ఐటీ 2016లో ఏర్పడింది. పదో తరగతి తర్వాత నేరుగా తీసుకుని ఆరేళ్లు చదివిస్తారు. ఇక్కడ హాస్టల్లో ఉంటారా లేదా అన్న ప్రశ్నే లేదు, చదువూ నివాసమూ ఒకే మూట. నాలుగోది ప్రైవేటు హాస్టల్. కాలేజీ యాజమాన్యమే నడిపేదీ, ఊళ్లో ఎవరో మేడ అద్దెకు తీసుకుని పెట్టేదీ రెండూ ఇందులోకే వస్తాయి.

వారాల అన్నం నాటి నుంచి

ఈ విభజన ఇవాళ్టిది కాదు. విజయనగరంలో మహారాజా వారి పాఠశాల 1857లో మొదలై 1879లో కళాశాల అయింది. సంగీత కళాశాల 1919లో వచ్చింది, తొలి అధ్యక్షుడు ఆదిభట్ల నారాయణదాసు. చదువు చెప్పే చోటు ఉంది, కానీ పల్లెల నుంచి వచ్చిన పిల్లవాడు ఎక్కడ పడుకోవాలి, ఏం తినాలి? దానికి ఊరే జవాబు చెప్పేది. తెలిసినవారి అరుగు మీదో సత్రంలోనో పడక. అన్నం మాత్రం వారాలు: సోమవారం ఒక ఇంట్లో, మంగళవారం ఇంకో ఇంట్లో. ఏడు వారాలు కుదరకపోతే కుదరని రోజు పస్తే. అవీ లేనివాళ్లు మధూకరం, అంటే ఇంటింటా అడిగి తెచ్చుకునే అన్నం, ఎత్తేవారు. ఘంటసాల వెంకటేశ్వరరావు విజయనగరంలో సంగీతం నేర్చిన రోజులు అలా గడిచినవే. గురువు పట్రాయని సీతారామశాస్త్రి ఇంట ఆశ్రయం, జోలె పట్టి తెచ్చుకున్న మధూకరంతో భోజనం. గది ఒకరిది, అన్నం మరొకరిది.

వారాల పద్ధతిని పొగిడేవాళ్లున్నారు. దాతృత్వం గొప్పదే, అయితే ఆ గడపలు అందరికీ తెరుచుకోలేదన్న సంగతి కూడా చెప్పుకోవాలి. వారం దొరికేది ఎక్కువగా బ్రాహ్మణ బాలురకు. మిగతా కులాల పిల్లలకు ఆ దారి లేదు. ఆడపిల్లలకు అసలే లేదు. అందుకే గత శతాబ్దపు తొలి దశాబ్దాల్లో తెలుగు పట్టణాల్లో ఒక్కో కులం తన పిల్లల కోసం చందాలు వేసుకుని హాస్టళ్లు కట్టుకుంది. దళిత విద్యార్థుల కోసం మద్రాసు ప్రభుత్వ లేబర్ శాఖ, క్రైస్తవ మిషన్లు, తర్వాత హరిజన సేవా సంస్థలు పూనుకున్నాయి. 1944లో ఎస్సీ విద్యార్థులకు కేంద్రం పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ మొదలుపెట్టింది. ఇవాళ్టి సంక్షేమ హాస్టళ్ల వేళ్లు అక్కడున్నాయి. ఏజెన్సీలో సీతంపేట, పార్వతీపురం ఐటీడీఏల (గిరిజనాభివృద్ధి సంస్థల) కింద ఉన్న ఆశ్రమ పాఠశాలల్లో చదివిన సవర, జాతాపు పిల్లలు డిగ్రీకి మైదానంలోకి దిగినప్పుడు వాళ్లకు ఆసరా అయ్యేది ఈ పోస్ట్ మెట్రిక్ హాస్టళ్లే.

యూనివర్సిటీ హాస్టల్ దారి వేరు. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో బెజవాడలో పుట్టి 1930లో వాల్తేరు చేరింది. చాలాకాలం ఉత్తరాంధ్రలో ఎమ్మే, ఎమ్మెస్సీ అంటే వాల్తేరే. ఎచ్చెర్లలో ఆ విశ్వవిద్యాలయం 1977లో పీజీ కేంద్రం పెట్టింది, 2008లో అదే స్వతంత్ర విశ్వవిద్యాలయమైంది. విజయనగరంలో 2007లో మొదలైన జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కళాశాల 2022లో గురజాడ పేరుతో విశ్వవిద్యాలయమైంది. 2019 చట్టంతో వచ్చిన కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం విజయనగరం శివారు కొండకరకంలో ఉన్న పాత పీజీ కేంద్రం భవనాల్లో తరగతులు మొదలుపెట్టింది. సొంత ప్రాంగణానికి 2023లో మెంటాడ మండలంలో శంకుస్థాపన జరిగింది.

ఈ తేదీల్లో ఒక వరస కనిపిస్తుంది. ముందు కేంద్రం, తర్వాత హోదా, ఆ తర్వాత ఎప్పటికో భవనాలు. హోదా పెరిగిన రోజున కోర్సులు పెరుగుతాయి, సీట్లు పెరుగుతాయి, మంచాలు మాత్రం పెరగవు. ఇద్దరి గదిలో నలుగురు సర్దుకోవడానికి పిల్లల అలవాట్ల కంటే ఈ వరసే పెద్ద కారణం.

మెస్ బిల్లు ఎలా పుడుతుంది

యూనివర్సిటీ హాస్టళ్లలో గది అద్దె ఏడాదికి ఒకసారి కట్టే చిన్న మొత్తం. అసలు బరువు మెస్ బిల్లుది. అది చాలాచోట్ల డివైడింగ్ పద్ధతిలో నడుస్తుంది. నెలంతా అయిన ఖర్చును, ఆ నెలలో పిల్లలు తిన్న మొత్తం రోజులతో భాగిస్తారు. వచ్చినది రోజు రేటు. ఎవరు ఎన్ని రోజులు తింటే అన్ని రోజులకు అంత.

లెక్క కోసం ఒక హాస్టల్ అనుకుందాం. 120 మంది, 30 రోజుల నెల. అందరూ ఉంటే 3,600 మెస్ రోజులు. 40 మంది ఆరేసి రోజులు ఇంటికెళ్లి రిడక్షన్, అంటే లేని రోజులకు మెస్ మినహాయింపు, రాయించుకున్నారు, అంటే 240 పోగా 3,360. నెల మొదట్లో స్టోర్లో ఉన్న సరుకు విలువ రూ.38,000. ఆ నెల అయిన కొనుగోళ్లు, గ్యాస్, వంటవాళ్ల జీతాలు కలిపి రూ.2,64,000. నెలాఖరున మిగిలిన సరుకు రూ.33,200. మొదటి రెండూ కూడి మూడోది తీసేస్తే ఖర్చు రూ.2,68,800. దాన్ని 3,360తో భాగిస్తే రోజుకు రూ.80. నెలంతా ఉన్నవాడి బిల్లు రూ.2,400, ఆరు రోజులు లేనివాడిది రూ.1,920.

చూడ్డానికి ఇంత సులువైన లెక్క తప్పేది స్టోర్ గదిలో. తెల్లవారుజామున స్టోర్ తీసి, ఆ పూట ఎంతమంది ఉన్నారో చూసి బియ్యం తూచి ఇవ్వాలి. తలకు రోజుకు 450 గ్రాముల లెక్కన 120 మందికి 54 కిలోలు, అంటే 26 కిలోల బస్తాలు రెండూ, పైన రెండు కిలోలూ. ఇరవై మంది చెప్పకుండా ఊరెళ్తే 9 కిలోల బియ్యం వృథా. వాళ్లకు రిడక్షన్ రాకపోయినా నష్టం అందరి రేటులోనూ కలుస్తుంది. రిడక్షన్‌కు ముందురోజే రాసివ్వాలని, వరసగా కనీసం ఇన్ని రోజులు లేకపోతే ఇవ్వబోమని హాస్టళ్లు పట్టుబట్టేది ఇందుకే. ఇంకో తప్పు నెలాఖరు తూకం. మిగిలిన సరుకును సరిగ్గా తూచకుండా ఉజ్జాయింపుగా తక్కువ రాస్తే ఆ నెల రేటు ఉత్తపుణ్యానికి పెరుగుతుంది. పై లెక్కలో రూ.33,200 బదులు రూ.16,400 అని రాస్తే రోజు రేటు రూ.85 అవుతుంది. తినని సరుకుకు తలా రోజుకు ఐదు రూపాయలు. మెస్ కమిటీ విద్యార్థులు సంతకం పెట్టేముందు చూడాల్సిన అంకె బిల్లు చివర ఉండే మొత్తం కాదు, ఈ మిగులు సరుకు అంకె.

పెద్ద పండగ నెలలో రేటు ఎందుకు పెరుగుతుంది

ఉత్తరాంధ్రలో సంక్రాంతికి ఊళ్లో లేకపోవడమంటే మాటలు కాదు. హాస్టల్ దాదాపు ఖాళీ అవుతుంది. ఆ నెల బిల్లు చూసి ఊరెళ్లనివాళ్లు ప్రతి ఏడాదీ గొడవ పడతారు: "తిన్నది తక్కువమంది, రేటు ఎక్కువెందుకు?"

పై హాస్టల్నే తీసుకుందాం. రోజుకు రూ.80లో రూ.60 తిండి సరుకుది, మిగిలిన రూ.20 జీతాల్లాంటి స్థిర ఖర్చుది అనుకుంటే, స్థిర ఖర్చు నెలకు రూ.67,200. జనవరి 31 రోజులు. 86 మంది 12 రోజులు ఊరెళ్లారు. 3,720లోంచి 1,032 పోగా 2,688 మెస్ రోజులు. సరుకు ఖర్చు తగ్గి రూ.1,61,280 అవుతుంది. జీతాలు మాత్రం అదే రూ.67,200. మొత్తం రూ.2,28,480, రోజుకు రూ.85. ఉండిపోయిన 34 మంది ఒక్కొక్కరికి రూ.2,635. ఊరెళ్లినవాళ్లకు 19 రోజులకు రూ.1,615.

ఉండిపోయేది ఎవరు? ప్రాజెక్టు పనున్నవాళ్లు, పోటీ పరీక్షల వాళ్లు, ఇంటికెళ్లే బస్సు ఛార్జీ బరువైనవాళ్లు, అమ్మానాన్నలు వలస పనికి వెళ్లి ఇంటికి తాళం ఉన్నవాళ్లు. వలసలు బాగా ఉన్న ఈ జిల్లాల్లో చివరి మాట చిన్నది కాదు. అందుకే కొన్నిచోట్ల స్థిర ఖర్చును విడదీసి ఎస్టాబ్లిష్‌మెంట్ ఛార్జీగా అందరిమీదా సమానంగా వేస్తారు. అలా చేస్తే తలా రూ.560, పైన తిన్న రోజులకు రూ.60 చొప్పున. ఉండిపోయినవాడికి రూ.2,420, ఊరెళ్లినవాడికి రూ.1,700.

రెండు వైపులా వాదన ఉంది. తినని రోజులకు నేనెందుకు కట్టాలని ఊరెళ్లినవాడు అడుగుతాడు. నువ్వు తిరిగొచ్చేసరికి వంటవాడు ఉండాలంటే ఆ పన్నెండు రోజులూ అతని ఇల్లు గడవాలి కదా అని రెండోవాడు అంటాడు. ఇక్కడ రెండో వాదనే బలమైనదని లెక్క చూస్తే తోస్తుంది. ఎందుకంటే మొదటి పద్ధతిలో ఊరెళ్లే స్తోమత ఉన్నవాడి వాటాలో కొంత, లేనివాడు కట్టినట్టవుతోంది.

ఈ గొడవ వద్దనే కొన్ని సంస్థలు వంటను కాంట్రాక్టుకు ఇస్తాయి. రోజుకు ఇంత అని ముందే ఖరారు. లెక్కల తలనొప్పి పోతుంది, నిజమే. అయితే కూరగాయల ధర పెరిగినప్పుడు డివైడింగ్‌లో బిల్లు పెరుగుతుంది, కాంట్రాక్టులో పప్పు పలచబడుతుంది. మొదటిది కాగితం మీద కనపడుతుంది, రెండోది పళ్లెంలోనే.

స్కాలర్‌షిప్ వచ్చే నెల, బిల్లు వచ్చే నెల

తల్లిదండ్రుల్లో ఎక్కువ గందరగోళం ఇక్కడే. ప్రభుత్వమిచ్చే సాయంలో రెండు భాగాలుంటాయి. ఒకటి ట్యూషన్ ఫీజు, కాలేజీ చదువు ఖర్చు. రెండోది మెయింటెనెన్స్, అంటే వసతి, భోజనానికి. మొదటిది మంజూరైందని వినగానే హాస్టల్ కూడా ఫ్రీ అనుకునేవారు చాలామంది. రెండూ వేర్వేరు.

వసతి భాగాన్ని 2020 ఫిబ్రవరి 24న విజయనగరంలోనే జగనన్న వసతి దీవెన పేరుతో అప్పటి ప్రభుత్వం ప్రారంభించింది. ఏడాదికి ఐటీఐకి రూ.10,000, పాలిటెక్నిక్‌కు రూ.15,000, డిగ్రీ ఆపై చదువులకు రూ.20,000 చొప్పున రెండు విడతల్లో తల్లుల ఖాతాల్లో వేసేలా రూపొందించారు. ప్రభుత్వాలతో పాటు పథకాల పేర్లు, డబ్బు చేరే ఖాతాలు మారుతుంటాయి. కానీ ఏ పేరుతో వచ్చినా చిక్కు ఒకటే: మెస్ బిల్లు నెలనెలా వస్తుంది, సాయం విడతల్లో వస్తుంది.

పై హాస్టల్లో పది నెలలకు బిల్లు రూ.24,000. సాయం రూ.20,000 అయితే రూ.4,000 ఎలాగూ చేతినుంచి పడుతుంది. దాన్ని పక్కన పెడితే, మొదటి విడత ఆరు నెలలు ఆలస్యమైతే అప్పటికి బకాయి రూ.14,400. ఇలాంటివాళ్లు 30 మంది ఉంటే హాస్టల్‌కు రావాల్సింది రూ.4,32,000. కిరాణా కొట్టువాడు అంత అరువు మోయడు, మోస్తే ధరలో వడ్డీ కలుపుకుంటాడు. ఆ పెరిగిన ధర బిల్లు సకాలంలో కట్టినవాళ్ల రేటులోనూ చేరుతుంది. అప్పుడు హాస్టల్ బకాయిదారులకు మెస్ ఆపుతామంటుంది, విద్యార్థులు ధర్నాకు దిగుతారు. డబ్బు ఆగింది పైన ఎక్కడో అయినా తగాదా వార్డెన్‌కూ కుర్రాడికీ మధ్య జరుగుతుంది. డబ్బు తల్లి ఖాతాలో పడితే కుటుంబానికి అడిగే హక్కు ఉంటుందని ఒక వాదన, నేరుగా సంస్థకు వెళ్తే మెస్ ఆగదని మరో వాదన. ఆలస్యం ఉన్నంతకాలం రెండింటిలో ఏదీ పూర్తిగా పనిచేయదు.

నీళ్ల లెక్క, తుఫాను వేళ

వసతి గృహాల్లో మనిషికి రోజుకు 135 లీటర్ల నీళ్లు ఉండాలన్నది జాతీయ భవన నిర్మాణ స్మృతి చెప్పే లెక్క. 120 మందికి 16,200 లీటర్లు. గంటకు 5,000 లీటర్లు ఎక్కించే మోటారు మూడుంపావు గంటలు ఆడాలి. అది కూడా తెల్లారకముందే, ఎందుకంటే ఆరు నుంచి ఎనిమిదిన్నర మధ్యలోనే ఎక్కువ నీళ్లు ఖర్చవుతాయి. ఐదింటికి కరెంటు పోతే ఏడింటికి బకెట్ల వరస మొదలు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో స్తంభాలు కూలి రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు ట్యాంకుల్లో 20,000 లీటర్లు నిండుగా ఉన్నా మామూలు వాడకానికి ఒక రోజు దాటి కాస్తే వస్తాయి. మనిషికి 40 లీటర్లకు కుదిస్తే నాలుగు రోజులు. తాగునీటి ఆర్‌ఓ యంత్రానికీ కరెంటే కావాలి కాబట్టి జనరేటర్‌ను లైట్లకు కాక ముందు మోటారుకు, ఆర్‌ఓకు కలిపి ఉంచిన హాస్టల్ గట్టెక్కుతుంది. తుఫాను తర్వాత వచ్చే కామెర్లు, విరేచనాలు కడగని ట్యాంకు నుంచి, వరద నీరు చేరిన సంపు నుంచి వస్తాయి.

గేటు ఎన్నింటికి

గేటు సంగతిలో ఎక్కువ వాదన ఆడపిల్లల హాస్టళ్ల గురించే. మగపిల్లలు రాత్రి పదకొండుకు టీ తాగొచ్చినా అడిగేవాడుండడు, ఆడపిల్లలకు మాత్రం చీకటి పడకముందే తాళం. విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం (యూజీసీ) 2015 నిబంధనలు ఈ విషయంలో స్పష్టంగా ఉన్నాయి: భద్రత పేరు చెప్పి హాస్టళ్లలో ఆడపిల్లలకు మగపిల్లలకు లేని ఆంక్షలు పెట్టకూడదు. వార్డెన్ల వైపు నుంచి చూస్తే, జాతీయ రహదారి పక్కన, పట్టణానికి దూరంగా ఉన్న ప్రాంగణంలో చివరి బస్సు తర్వాత ఏం జరిగినా మొదట అడిగేది తమనే అన్న భయం ఉంది. కన్నవాళ్లు కూడా తాళమే కోరుకుంటారు. ఆడపిల్లలు అడిగేది ఊరి తిరుగుడు కాదు. లైబ్రరీ, ల్యాబ్ తెరిచి ఉన్నంతసేపు వెళ్లొచ్చే వీలు. దానికి కావాల్సింది దారిలో దీపాలు, ప్రాంగణంలో రాత్రి బస్సు, ఒక మహిళా గార్డు. ఇవి ఖర్చుతో కూడినవి, తాళం చవక. నిబంధన కాగితం మీదే ఉండిపోవడానికి పెద్ద కారణం ఈ తేడాయే.

ట్రిపుల్ ఐటీలో పరిస్థితి వేరు. పదిహేను, పదహారేళ్లకే చేరతారు గనుక మొదటి రెండేళ్లు వాళ్లు మైనర్లు. ఔట్‌పాస్ (బయటికెళ్లే అనుమతి చీటీ), తల్లిదండ్రుల అనుమతి అక్కడ సహజం. చిక్కు ఆరో ఏటి విద్యార్థికీ అదే నియమం వర్తింపజేసినప్పుడు వస్తుంది. ర్యాగింగ్ విషయంలో రాష్ట్ర చట్టం 1997 నుంచి ఉంది, 2009 యూజీసీ నిబంధనలు కొత్తవాళ్లను వీలైనంతవరకు వేరే బ్లాకులో ఉంచమంటాయి. బ్లాకులే చాలని చోట దీన్ని వేరే అంతస్తుతో సరిపెడతారు. మెట్లూ, మెస్ హాలూ ఒకటే అయినప్పుడు అంతస్తు వేరైనా పెద్దగా రక్షణ ఉండదు.

ప్రైవేటు హాస్టల్, జీఎస్టీ

బయటి హాస్టల్లో గదీ, అన్నమూ, గేటూ ఒకే యజమానివి, బిల్లూ ఒకటే. విద్యాసంస్థ ప్రాంగణం బయటి హాస్టళ్లకు జీఎస్టీ పడుతుందా అన్న సందేహానికి 2024 జూన్‌లో జీఎస్టీ కౌన్సిల్ జవాబిచ్చింది. మనిషికి నెలకు వసతి ఛార్జీ రూ.20,000 లోపు ఉండి, వరసగా కనీసం 90 రోజులు ఉంటే పన్ను లేదు. మన జిల్లాల్లో విద్యార్థుల హాస్టళ్లన్నీ దాదాపు ఈ పరిమితికి బాగా దిగువే కాబట్టి, ఏడాదికి చేరినవాడి బిల్లులో జీఎస్టీ గీత కనపడితే అడగొచ్చు.

ఖాళీ చేసే రోజు

చదువైపోయాక మూడు లెక్కలూ ఒక్క కాగితం మీదికి వస్తాయి, అదే నో డ్యూస్, బకాయిలేవీ లేవనే పత్రం. చేరేటప్పుడు కట్టిన కాషన్ డిపాజిట్ గదికీ మెస్‌కూ కలిపి ఉంటుంది. మెస్ డిపాజిట్ రూ.5,000 అనుకుంటే పై హాస్టల్లో అది రెండు నెలల బిల్లుకు కాస్త ఎక్కువ. ఆఖరి రెండు నెలలు డిపాజిట్‌లో మినహాయించుకుంటారులే అని కట్టడం మానేస్తారు చాలామంది. రెండు నెలల బిల్లు రూ.4,800 పోతే రూ.200 మిగలాలి. పరీక్షలు ఇంకో పది రోజులు జరిగితే మరో రూ.800 పడి రూ.600 ఎదురు బకాయి తేలుతుంది. విరిగిన ఫ్యాను రెగ్యులేటరు, మంచం పట్టీ ఖర్చు గది లెక్కలో వేరుగా వస్తాయి. గది చేరిన రోజు ఏవి పనిచేయడం లేదో రాయించని వాడికి అంతకుముందే విరిగినవాటి ఖర్చు కూడా తన పేరునే పడుతుంది.

బకాయి ఉంటే సర్టిఫికెట్లు ఇవ్వరా అన్నది అందరూ అడిగే ప్రశ్న. చేరేటప్పుడు చూపిన పదో తరగతి, ఇంటర్ ఒరిజినల్స్‌ను సంస్థలు తమ దగ్గర పెట్టుకోకూడదు, సరిచూసి వెంటనే తిరిగివ్వాలని యూజీసీ 2018లో చెప్పింది. నో డ్యూస్ సంస్థ కొత్తగా ఇచ్చే టీసీలాంటి వాటి దగ్గర అడ్డు వస్తుంది. స్కాలర్‌షిప్ రాకపోవడం వల్ల పడిన బకాయికీ, తిని కట్టకపోవడం వల్ల పడిన బకాయికీ ఆ కాగితంలో వేర్వేరు గడులు ఉండవు. రెండూ విద్యార్థి పేరు ఎదుటే పడతాయి. డబ్బు మంజూరై ఇంకా విడుదల కాని విద్యార్థుల దగ్గర హామీపత్రం తీసుకుని టీసీ ఇస్తే ఇద్దరికీ తేడా తెలుస్తుంది. అలా రాసిచ్చే అధికారం వార్డెన్ స్థాయిలో ఉన్నచోట పిల్లలు వారంలో కాగితాలతో బయటపడతారు.